రింగు వెనక కుర్చీ

ఫైనల్ ఆడే పన్నెండు మంది పేర్లు సాయంత్రం అయిదులోపు కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. మూడున్నరకి కోచ్ చేతిలో ఉన్న జాబితాలో పదకొండు పేర్లే ఉన్నాయి. పన్నెండోది పెన్సిలుతో కొట్టేసి ఉంది. కొట్టేసింది తనే. అయినా ఆ గీత చూసినప్పుడల్లా వేరే ఎవరో గీసిపోయినట్టే ఉంది అతనికి.

ఆ పేరు చిటికెది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చిటికె వేసేలోపు బంతి లాక్కుపోతుందని అందరూ అలా పిలుస్తారు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి గార్డ్ ఆమే. బంతిని ముందుకి తేవాలన్నా, దూరం నుంచి రింగులో వెయ్యాలన్నా ఆమే దిక్కు. ఇది చదువులో ఆఖరి సంవత్సరం. ఈ ఫైనల్ తప్పితే ఇక కాలేజీ జెర్సీ వేసుకునే రోజు లేదు.

అసలు గొడవంతా కాగితాల దగ్గర మొదలైంది. సీజను మొదట్లో చిటికె ఎక్కడ పడితే అక్కడి నుంచి బంతి విసిరేది. ఎదురుగా రెండు చేతులు అడ్డం ఉన్నా సరే, పక్కనే తోటి పిల్ల ఖాళీగా నిలబడి ఉన్నా సరే. ఆట జరుగుతున్నంతసేపూ కోచ్ కళ్ళు బంతి ఎటు పోతుందో చూస్తాయిగాని, ఎక్కడి నుంచి వచ్చిందో చూడవు. అందుకని సగం కోర్టు బొమ్మ అచ్చు వేయించాడు. రింగు కాగితం పైభాగాన ఉంటుంది. చిటికె ఎక్కడి నుంచి వేస్తే అక్కడ, బంతి పడితే చుక్క, పడకపోతే సున్నా. ఈ పనికి దొరికినవాడు తన అక్క మొగుడు.

బావ టైలరు. జట్టు జెర్సీలు కుట్టేదీ ఆయనే. ముప్పయ్యేళ్ళలో ఒక్క కొలతా తప్పు రాయలేదని ఆయనకి పేరు. ఆ పేరు నలుగురికీ చెప్పుకొచ్చేది కూడా ఆయనే. మనిషి కొలత తెలియాలంటే ఎదురుగా ఉండి చూడాలంటూ కుర్చీ పట్టుకెళ్ళి రింగు వెనక వేసుకున్నాడు. సగం ఆట అయి జట్టు వైపు మారితే ఆయనా కుర్చీ మోసుకుని మారేవాడు. ఒకసారి బంతి ముక్కుకి తగిలినా అక్కణ్ణించి కదల్లేదు.

నాలుగు మ్యాచ్‌ల కాగితాలు పరిచి చూసుకుని కోచ్ మురిసిపోయాడు. ఎడమవైపంతా చుక్కలు, కుడివైపంతా సున్నాలు. ఇకనుంచి ఎడమవైపు నుంచే వెయ్యి, కుడివైపు బంతి దొరికితే పక్కవాళ్ళకిచ్చెయ్యి అని చిటికెకి చెప్పాడు. తనకి కుడివైపే చెయ్యి బాగా ఆడుతుందని ఆ పిల్ల నసిగింది. కోచ్ కాగితం చూపించాడు. ఆమె దానివంక చాలాసేపు చూసి, సరే సార్ అంది.

అక్కణ్ణించి అంతా తలకిందులైంది. తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో వేసిందల్లా బయటికే పోయింది. కోచ్ ఆమె మోచెయ్యి చూశాడు, మోకాలు చూశాడు, బూట్లు మార్పించాడు, చివరికి కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు. బావని అడుగుదామంటే ఆయన స్కూలు యూనిఫారాల్లో మునిగిపోయి ఆ రెండు మ్యాచ్‌లకీ రాలేదు. పొడుగు పిల్లల పుణ్యమా అని జట్టు ఎలాగో ఫైనల్‌కి చేరింది.

నిన్న ప్రాక్టీసుకి బావ వచ్చాడు. కోచ్ అటు చివర రింగు కింద పొడుగు పిల్లలతో కుస్తీ పడుతుంటే, ఇటువైపు చిటికె వేసినవన్నీ ఈయన రింగు వెనక కుర్చీలోంచి రాశాడు. చివర్లో కాగితం అందుకున్న కోచ్‌కి ఒళ్ళు మండింది. నలభై సార్లు వేస్తే పడినవి తొమ్మిది. వేసినవన్నీ కుడివైపు నుంచే.

"నిన్ను ఎటునుంచి వెయ్యమన్నాను?"

"ఎడమవైపు నుంచే వేశాను సార్."

"మరి ఇదేమిటి?"

చిటికె కాగితం చూసింది. తర్వాత తన చేతులు రెండూ చూసుకుంది, ఏది ఎడమో తేల్చుకుంటున్నట్టు. బావ కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ అమ్మాయి అబద్ధాలాడే రకం కాదని, తాను తప్పు రాసే రకమూ కాదని చెప్పి ఊరుకున్నాడు. కోచ్‌కి మతి పోయింది. ఆ పిల్ల నాలుగేళ్ళలో ఒక్క అబద్ధమాడలేదు. పోనీ తప్పు బావదంటే ఆ మాట ఆయనతో అనేదెవరు, అన్నాక అక్కతో పడేదెవరు? ఇద్దరూ నిజమే చెబితే నలభై బంతులు ఎటునుంచి వచ్చినట్టు? తెల్లారినా తేలలేదు. చెప్పిన మాట వినని పిల్లతో ఫైనల్ ఆడలేనని చివరికి కాగితాన్నే నమ్మి గీత గీసేశాడు.

ఆఫీసుకి పోతూ దారిలో బావ కొట్టు దగ్గర ఆగాడు. ఫైనల్‌కి కొత్త కోటు వేసుకోవాల్సిందేనని ఆయన పట్టు. ఇస్త్రీ ఆవిరి, బల్ల మీద సుద్దముక్కలు. బావ అతన్ని ఎదురుగా నిలబెట్టి, ఒక చెయ్యి మాత్రమే ఉన్న కోటు తొడిగి, గుండుసూదులు గుచ్చి, పుస్తకంలో భుజాల గీత గీశాడు.

"నీ కుడిభుజం కాస్త జారింది. అటు మెత్త పెట్టాలి."

కోచ్ తొంగిచూశాడు. జారిన భుజం బొమ్మలో ఎడమవైపు ఉంది.

"కుడి అన్నారు, ఎడమవైపు గీశారేంటి బావా?"

"నువ్వు నాకు ఎదురుగా నిలబడ్డావు. నాకు ఎటు కనిపిస్తే అటు గీస్తాను. ముప్పయ్యేళ్ళుగా అంతే."

"రింగు వెనక కూర్చున్నప్పుడు కూడానా?"

"అక్కడ మాత్రం ఇంకెలా గీస్తాను?"

కోచ్ సంచీలోంచి మ్యాచ్ కాగితాలూ నిన్నటి కాగితమూ తీసి, కిటికీ వెలుగుకి పెట్టి వెనకవైపు నుంచి చూశాడు. చుక్కలన్నీ కుడివైపుకి వచ్చి కూర్చున్నాయి. నిన్నటి సున్నాలన్నీ ఎడమవైపుకి పోయాయి. బావ వెనకనుంచి సూదులు, సూదులు అంటున్నా వినకుండా ఒంటిచేతి కోటుతోనే పరుగెత్తాడు.

చిటికె కోర్టులో ఒక్కతే ఉంది. ఎడమవైపు నిలబడి వేస్తోంది, పడటం లేదు. కోచ్ రొప్పుతూ జరిగిందంతా చెప్పాడు. కాగితం తిరగేసి చదవాల్సిందని, తప్పు తనదేనని, నిన్న ఆమె చెప్పిందే నిజమని అన్నాడు. ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె బంతిని పొట్టకి హత్తుకుని నిలబడింది.

"నాకు కుడివైపే పడుతుందని మొదటి సంవత్సరం నుంచీ తెలుసు సార్. మీరు కాగితం చూపించాక, నాకు తెలిసిందే తప్పేమో అనుకున్నాను. నిన్నైతే నా ఎడమ చెయ్యేదో నాకే తెలియలేదు."

కోచ్ సిగ్గుతో చచ్చిపోయాడు. జాబితా గోడకి ఆనించి, పెన్సిలు గీత పక్కనే ఆమె పేరు పెన్నుతో మళ్ళీ రాశాడు.

"ఇప్పుడు ఎటునుంచి వెయ్యాలి సార్?"

కుడివైపు అనబోయి ఆగిపోయాడు. "నువ్వే చెప్పు" అన్నాడు.

చిటికె కుడివైపుకి నడిచింది. ఆగింది. రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చి, విసిరింది. బంతి రింగు చుట్టూ తిరిగి బయటికి పడింది. ఆ పిల్ల గబుక్కున అతని చేతిలోని పెన్నుకేసి చూసింది, సున్నా పెడతాడేమోనని. కోచ్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంకోటి వెయ్యి."

వేసింది. ఈసారి కోచ్ బంతిని చూడలేదు. ఆమె కాళ్ళు ఎక్కడున్నాయో చూశాడు.