మూసా సాబ్ కెమెరా

పరదా కదిలితే గాలి అనుకున్నాను. తర్వాత గిర్రుమని చప్పుడు వినబడింది. తల తిప్పి చూస్తే కిటికీ బయట మూసా సాబ్, కన్ను కెమెరాకు ఆనించి నిలబడి ఉన్నాడు.

అది తొంభై నాలుగో సంవత్సరం. నేను ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయిన ఆడది గడువు తీరేదాకా పరాయి మగవాడి కంట పడకూడదు. మా ఆయన ఖాదర్‌వలి ఈ సాబ్ దగ్గరే డ్రైవరు. ఎడారిలో షూటింగుకు పోతూ జీపు తిరగబడి చనిపోయాడు. ఈ అరబ్బు దేశంలో, అజైబా అనే పేటలో, సాబ్ బంగళా వెనక మాకిచ్చిన గదిలోనే ఇద్దత్‌కు కూర్చున్నాను. సాబ్ మన ముసల్మానే కదా, మర్యాద తెలిసినవాడని ధైర్యం.

ఇంకో డ్రైవరు రహీంను తలుపు అవతలికి పిలిపించి అరిచాను. "మూసా అని పేరు పెట్టుకొని ఇద్దత్ అంటే తెలీదా వాడికి?"

"భాబీ, ఆయన మూసా కాదు. ఫ్రాన్సు మనిషి, పేరు రెనే. వాళ్ల భాషలో సాబ్‌ను ముసియో అంటారు. ఖాదర్‌భాయికి మూసా అని వినిపించింది. అందరం అదే పట్టుకున్నాం."

"అంటే ఇన్నాళ్లూ వాణ్ణి సాబ్ సాబ్ అని పిలిచామా? సలాం చెప్పేవాడే!"

"ఈ దేశంలో సలాం ఎవరైనా చెప్తారు భాబీ."

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. "ఆ రీలు ఇమ్మను."

రహీం పోయి అడిగి వచ్చాడు. "ఇయ్యడంట. వయసంతా ఇంకొకళ్ల సినిమాలకే కెమెరా పట్టినాడంట. ఇది సొంత సినిమా. నీ ముఖం మీద పడిన వెలుతురు మళ్లీ దొరకదంట. ఇప్పుడే ప్యారిస్‌కు పంపిస్తున్నాడు."

"వెలుతురంటనా! మొగుణ్ణి పోగొట్టుకున్న ముఖం అది. ఊరూరా తెర మీద మగవాళ్లు చూడాలా?"

"రీలు ఇంకా కడగలేదు భాబీ. ఎండ తగిలితే పోతుంది," అన్నాడు రహీం మెల్లగా.

బురఖా వేసుకొని గడప దాటాను. బయట నిలిపిన జీపు సీటు మీదున్న, రీలు పెట్టిన రేకు డబ్బా తీసి కడుపుకు ఆనించుకున్నాను. సాబ్ ఏదో అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమంటున్నాడు?"

"జాగ్రత్తగా పట్టుకోమంటున్నాడు."

"వాడి చేత్తోనే తెరవమను. వీడి వల్ల ఇద్దత్‌లో గడప దాటాను. తెరవకపోతే, ఎదురుగా మసీదుంది, జుమా నమాజుకు జనం వస్తున్నారు. కిటికీలో కెమెరా పెట్టి ఏం చేశాడో అందరికీ చెప్తాను."

రహీం చెప్పాడు. సాబ్ మసీదు వైపు చూశాడు. డబ్బా తీసుకొని అంచుకు అతికించిన టేపు పీకాడు. మూత తీయగానే ఫిల్మ్ చుట్టలు చుట్టలుగా ఎండలో పడింది.

"ఏడుస్తున్నాడు భాబీ," అన్నాడు రహీం.

"ఏడవనీ. వాడి ఏడుపు ముఖం సినిమా తీద్దామంటే నా దగ్గర కెమెరా లేదు."