కుట్టు తగలని దుప్పటి

దుప్పటిని కిటికీకి ఎదురుగా పట్టుకుని పెద్దమ్మ దాని నడిమి భాగం చూసింది. ఎందరి వీపులు మోసిందో, అక్కడ బట్ట ఉల్లిపొరలా పలచబడి అవతలి ఊచలు కనిపిస్తున్నాయి. అంచులు మాత్రం కొత్తగానే ఉన్నాయి. ఆమె కత్తెరతో నడిమధ్యకు నిలువుగా కోసి, రెండు ముక్కలనూ తిప్పి, అంచుకు అంచు చేర్చి కుట్టసాగింది. అరిగిన భాగం పక్కలకు పోయింది. అరగనిది నడుమకు వచ్చింది.

ఆసుపత్రి మెట్ల కింద ఉన్న ఆ గదిలోకి, అక్కడి దుప్పట్లు కుట్టే పనికి, ఆమె పెళ్లయిన కొత్తలో వచ్చింది. భర్త పోయాక కూడా అదే బల్ల, అదే మిషను. కుట్టడం పూర్తయ్యాక కళ్లు మూసుకుని అతుకు పొడవునా చేతి వెనకవైపుతో తడిమి చూసేది. ఏమాత్రం తగిలినా విప్పి మళ్లీ కుట్టేది.

"పడుకున్నవాడికి కుట్టు గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే, అతుకుల దుప్పటి మీద ఉన్నానన్న సంగతి వాడికి నిద్ర పట్టేదాకా గుర్తుంటుంది," అనేది.

ఆమె చేతిలో దుప్పటికి ఎన్ని జన్మలో. పెద్దవాళ్ల మంచం మీద అరిగితే పిల్లల వార్డుకు, అక్కడా అరిగితే దిండు గలీబుకు, ఆ తర్వాత నేల తుడిచే గుడ్డకు. బట్ట చావదని, చిన్నదవుతుందని ఆమె నమ్మకం. ఇంట్లోనూ అంతే. సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్దచేసి మరో సబ్బు చేసుకునేది. పొయ్యి ఆర్పాక మిగిలిన వేడిమీద స్నానానికి నీళ్లు పెట్టేది. నీడ చిరిగినా అతుకేసుకునే మనిషని వీధిలోవాళ్లు నవ్వుకునేవారు. నవ్వుతూనే, ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషని పిల్లలకు చూపించేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమెకు లోలోపల తీయగా ఉండేది. సర్కారు ఇచ్చిన తిండి సరుకుల కార్డు పెట్టె అడుగున మడత విప్పకుండానే ఉంది.

ఆ మధ్యాహ్నం పక్కింటి ఇస్త్రీ అమ్మాయి దుప్పట్ల మూట తెచ్చి బల్లమీద దించింది. దించి, గోడ పట్టుకుంది. పెద్దమ్మ స్టూలు లాగి కూర్చోబెట్టింది. మంచినీళ్లు తాగించాక అమ్మాయి సంగతి చెప్పింది. మొగుడు ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డాడు. ఇంట్లో ఉన్నది కాస్తా అతనికే పెడుతోంది.

"కార్డు సరుకులేమయ్యాయే?"

"మానేశా పెద్దమ్మా. కౌంటరాయన పేరు పెట్టి కేకేస్తాడు, వీధంతా తిరిగి చూస్తుంది. నువ్వు ఎన్నడైనా వెళ్లావా? నీలాగే బతుకుదామనుకున్నా."

మిషను చక్రం మీద ఉన్న పెద్దమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లు తాను తీయగా దాచుకున్న మాట ఈ పిల్ల కడుపు మాడుస్తోంది.

"నేనెవరి దగ్గరా తీసుకోలేదని నీకెవరు చెప్పారు? నాకు జ్వరమొస్తే ఈ పై వార్డులోనే పడుకోబెట్టి బతికించారు. అదెవరి సొమ్ము? అందరిదీ కాదూ?" కుట్టిన దుప్పటి అమ్మాయి ఒళ్లోకి తోసింది. "ఇది చూడు. నడుమ అరిగితే అంచుల్లో ఉన్న బలం తెచ్చి వేశాను. దుప్పటి సిగ్గుపడిందా?"

అమ్మాయి దుప్పటిని వేళ్లతో తడిమింది. ఇన్నాళ్లుగా వీటిమీద ఇస్త్రీపెట్టె నడుపుతోంది. అతుకు కంటికి కనిపిస్తోంది గాని వేలికి అందడం లేదు.

"లే. నేనూ వస్తా," అంది పెద్దమ్మ.

దారిలో ఇంటికెళ్లి పెట్టె తెరిచి కార్డు తీసింది. దుప్పటి కొసలతో కుట్టిన రెండు పిడుల సంచి భుజాన వేసుకుంది. వరసలో అమ్మాయి కంటే ముందు తానే నిలబడింది. వీధిలోవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం చూసి కూడా చూడనట్టే ఉంది. కౌంటరాయన అలవాటుగా గొంతెత్తాడు.

"ఏం పెద్దమ్మా, ఇన్నాళ్లకు నీకూ ఆకలేసిందా?"

"ఆకలి ఎప్పుడూ వేసేదే నాయనా. చెప్పడమే ఇవాళ. కాస్త మెల్లగా పిలువు, నాకు చెవుడు రాలేదు."

వరసంతా నవ్వింది. అతనూ నవ్వాడు. తర్వాత అమ్మాయిని పిలిచినప్పుడు గొంతు తగ్గించాడు. ఆమె తల వంచకుండా వెళ్లి తెచ్చుకుంది.

ఇద్దరి సరుకులూ ఒకే సంచిలో వేశారు. "నువ్వో పిడి, నేనో పిడి," అంది పెద్దమ్మ. అలా పట్టుకుని ఎత్తు దారంతా నడిచారు. మధ్యలో రెండుసార్లు ఆగి పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఎత్తు కదా, అంది.

సాయంత్రం తన గుమ్మంలో, అందరికీ కనిపించేలా కూర్చుని ఆ సరుకుల్లో వచ్చిన పిండితో చేసిన రొట్టె తిన్నది. బావుందని ఎదురింటివాళ్లకు వినిపించేలా చెప్పింది.

తెల్లారి ఆమె తలుపు తెరుచుకోలేదు. నిద్రలోనే పోయింది. ఆసుపత్రివాళ్లు కప్పడానికి ఒక దుప్పటి పంపారు. నడుమ నిలువుగా కుట్టు ఉంది. ఇస్త్రీ అమ్మాయి దాన్ని ముడత లేకుండా సర్ది, కళ్లు మూసుకుని, చేతి వెనకవైపుతో ఆ పొడవునా ఒకసారి తడిమింది. ఏమీ తగల్లేదు.

సరుకులిచ్చే రోజు మళ్లీ వచ్చినప్పుడు అమ్మాయి ఒక్కతే వెళ్లి, మామూలుగా నిలబడి, తెచ్చుకుంది. ఖాళీ చేసిన ఆ రెండు పిడుల సంచిని గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. ఒక పిడి మేకును పట్టుకుని ఉంది. రెండోది పక్కకు జారి, ఎవరో పట్టుకోవడానికన్నట్టు తెరుచుకుని వేలాడుతోంది.