సి ప్లస్ వచ్చినవాడి జాడీ

మా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసం ముప్పై ఒక్క కోర్సులు ఉన్నాయి. మార్చి మొదటి సోమవారం పొద్దున సరిగ్గా పదింటికి రిజిస్ట్రేషన్ తెరిస్తే డాన్సు క్లాసు నిమిషంలో నిండిపోయింది. సినిమా క్లాసు అరగంటలో నిండింది. మా దేశపు వంటల్లో వాడే సోయా ముద్దని జాడీల్లో ఊరబెట్టడం నేర్పే ప్యో సుక్‌జా ప్రొఫెసర్‌గారి క్లాసుకి మాత్రం బుధవారం సాయంత్రానికి కూడా తొమ్మిది పేర్లే వచ్చాయి. గురువారం ఐదింటికల్లా పది కాకపోతే కోర్సు రద్దు. ఆ రద్దు మీట నొక్కాల్సిన పాపిష్టిదాన్ని నేనే. డిపార్ట్‌మెంట్ అసిస్టెంటు ఉద్యోగమంటే అందరి తిట్లకీ ముందు నిలబడడమే.

ఆవిడకిది ఆఖరి సెమిస్టర్, ఆగస్టులో రిటైరవుతున్నారు. క్లాసు ఆగిపోతే మేడమీద ఉన్న పద్నాలుగు మట్టి జాడీలూ ఖాళీ చేయిస్తామని భవనాల విభాగం ముందే కాగితం పంపింది. వాటిలో ఉన్నది కిందటి సెమిస్టర్ పిల్లల కష్టం. నవంబరులో వాళ్ళు సోయా గింజలు ఉడకబెట్టి, ఇటుకల్లా చేసి, గడ్డితాళ్ళతో వేలాడదీశారు. ఫిబ్రవరిలో ఆవిడ వాటిని ఒక్కొక్కరిది ఒక్కో జాడీలో, పేరు రాసి, ఉప్పునీళ్ళలో వేశారు. ఏప్రిల్ దాకా మూత తియ్యకూడదు. ఈలోగా చేసినవాళ్ళు చాలామంది విమానం ఎక్కేసి ఉంటారు. ముందువాళ్ళు చేసింది తిని, తాము చేసింది వెనకవాళ్ళకి వదిలి వెళ్ళడం ఇరవై రెండేళ్ళుగా ఆ క్లాసు పద్ధతి.

"రద్దయితే అవనీ యోన్‌జూ. ఈ వయసులో నేనెవర్నీ బతిమాలను," అన్నారు ఆవిడ. అంటూనే పొడి గుడ్డతో జాడీలు తుడుస్తున్నారు. అప్పటికి మూడోసారి తుడవడం.

నాకు ఒళ్ళు మండింది. గదిలోకొచ్చి పాత లిస్టు తీశాను. కిందటి క్లాసువాళ్ళలో రెండో సెమిస్టర్ కూడా ఇక్కడే ఉన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరికి ఎ వచ్చింది. మంచి గ్రేడు వచ్చినవాళ్ళని మా నిబంధనలు అదే కోర్సు మళ్ళీ చదవనివ్వవు. సి ప్లస్, అంతకన్నా తక్కువ వచ్చినవాళ్ళకే ఆ భాగ్యం. అలాంటివాడు ఒక్కడే మిగిలాడు. ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్ ఊరి కుర్రాడు ఫర్రుఖ్.

అతనికి ఆ గ్రేడు ఎలా వచ్చిందో నా కళ్ళారా చూశాను. ఉడికిన గింజల్ని చెక్క చట్రంలో పోసి, గుడ్డ కప్పి, కొత్త మేజోళ్ళు తొడుక్కుని మడమలతో తొక్కితే గాని ఇటుక గట్టిపడదు. మా అమ్మమ్మలూ అలాగే తొక్కారు. ఆ రోజు పిల్లలందరూ కేరింతలు కొడుతూ తొక్కారు. ఫర్రుఖ్ ఒక్కడూ తొక్కనన్నాడు. ఎందుకని ఎంత అడిగినా "కుదరదు" అన్నదే జవాబు. ఆవిడకి ముక్కుమీదే ఉంటుంది కోపం. ఆ రోజు మార్కులన్నీ సున్నా చేశారు. అతను ఓ మూల కూర్చుని చేతుల్తో అదిమి అదిమి వంకర ఇటుక ఒకటి చేసి వేలాడదీసి వెళ్ళిపోయాడు.

ఫోన్ చేశాను.

"ఆవిడ క్లాసుకా? చచ్చినా రానక్కా."

"చావక్కర్లేదులే. రేపు ఐదులోపు ఆవిడ సంతకం తీసుకుంటే చాలు."

"అందరి ముందూ నన్ను బద్ధకస్తుడు అన్నారు."

"అన్నారు, నేనూ విన్నాను. సరే, రాకు. జాడీలు పారబోస్తారు, చెప్పడం నా వంతు."

"నాది ఇంకా ఉందా?"

"నీ పేరుతోనే ఉంది."

అతను ఫోన్ పెట్టేశాడు. వస్తానని అనలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగూ నలభైకి తలుపు దగ్గర నిలబడ్డాడు, చేతిలో చేర్పు ఫారంతో. నేనే ఆవిడ గదికి తీసుకెళ్ళాను.

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూశారు. "సి ప్లస్ ఇచ్చినదాని దగ్గరికి మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"మీ కోసం రాలేదు మేడమ్. నా జాడీ కోసం వచ్చాను."

నేను నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం కలం పక్కన పెట్టి, "కూర్చో. అప్పుడెందుకు తొక్కనన్నావో ఇప్పుడైనా చెప్పు," అన్నారు.

"మా ఇంట్లో రొట్టెముక్క కింద పడితే తీసి నుదుటికి ఆనించుకుంటాం. తినే దాని మీద కాలు పెడితే మా అమ్మ బతికుండగా నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఇదంతా చెప్పడానికి అప్పుడు నాకు మీ భాష చాల్లేదు. 'కుదరదు' ఒక్కటే వచ్చు."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. గడియారంలో ముల్లు నాలుగూ యాభైకి వచ్చింది.

"మా అమ్మ ముందు స్నానం చేసి, కొత్త మేజోళ్ళు కుట్టుకుని మరీ తొక్కేది. అది మర్యాదే అనుకుంటూ పెరిగాను. ఇంకోలా ఉంటుందని నాకు తట్టనే లేదు," అన్నారు చివరికి. "బద్ధకస్తుడనడం నా తప్పే. గ్రేడు మాత్రం మారదు, గడువు దాటింది."

"మారితే నేను మళ్ళీ చేరలేనుగా మేడమ్!"

ఆవిడ ఫక్కున నవ్వి సంతకం పెట్టారు. నేను పరుగెత్తుకెళ్ళి పదో పేరు ఎక్కించాను.

ఏప్రిల్‌లో ఎండ బాగా కాసిన ఓ రోజు మూతలు తీశాం. పురుగూ పుట్రా దరిచేరకుండా మేం జాడీలకి తెల్లకాగితంతో మేజోడు ఆకారం కత్తిరించి తలకిందులుగా అంటిస్తాం. పదమూడు జాడీలకి మేజోళ్ళే ఉన్నాయి. ఫర్రుఖ్ పేరున్న పద్నాలుగో దాని మీద ఐదు వేళ్ళూ విప్పిన చెయ్యి ఉంది.

ఫర్రుఖ్ దాని ముందు ఆగిపోయాడు.

"కాలు నీకు పడదుగా. పురుగుల్ని తోలడానికి చెయ్యైనా చాలు," అన్నారు ఆవిడ, అతని మొహం చూడకుండా.

అతను లోపల ఊరిన ఇటుక తీసి, చేతుల్తోనే మెత్తగా మెదిపాడు. సంచీలోంచి తను కాల్చి తెచ్చిన గుండ్రటి రొట్టె తీసి, తుంచి, ఆ ముద్ద కాస్త రాసి, మొదటి ముక్క ఆవిడకి ఇచ్చాడు.

ఆవిడ రెండు చేతులా అందుకున్నారు. నోట్లో పెట్టుకోబోయి ఆగి, ముందు నుదుటికి ఆనించుకున్నారు.

"ఉప్పెక్కువైంది," అన్నారు నములుతూ. ఆవిడ కళ్ళు తడిసే ఉన్నాయి.