అడగకుండా తగ్గించిన మాత్ర

మీరిద్దరూ కలిసే ఆమెను ఈ గతికి తెచ్చారు. మందుచీటీ రాసిన డాక్టరూ, తాళి కట్టిన మొగుడూ. ఒకరికి అడగడం చేతకాలేదు, ఇంకొకరికి నిజం చెప్పడం నామోషీ అయింది. వాచిన మొహంతో, బొంగురుపోయిన గొంతుతో, మండుటెండలో కూడా చలేసి కొంగు కప్పుకుని తిరుగుతున్నది మాత్రం నాగవేణి.

ఈ పొద్దున గొర్రెల దొడ్డి ఊడుస్తూ ఆమె పొరకతో సహా కూలబడింది. అరుగు మీంచి అత్త సిద్దమ్మ అందుకుంది. "ఏంది మే, పొద్దన్నే కునుకు? మాకూ గొంతులుండాయి. మాకు రాలేదే ఈ థైరాయిడ్డూ గియిరాయిడ్డూ!"

ఎండాకాలం గొర్రెలను తోలుకుని వీరపునాయునిపల్లె వైపు పోయినప్పుడు ఆమె థైరాయిడ్ మాత్రలు ఇంట్లోనే మరిచిపోయారు. పోయి తెచ్చుకుంటానంటే మొగుడు చంద్రమోహన్ ఒప్పుకోలేదు. మంద ఏ చేలో కట్టినా అక్కడ వంట, నీళ్ళు, పిల్లల సాకుడు ఎవరు చేస్తారు? తిరిగొచ్చాక వైద్యమూ ఆయనే చెప్పాడు. "తప్పిపోయినేటివి రెండేసి మింగు. జీవాలకు మందు తాపేది తప్పితే మళ్ళా ఎక్కువ తాపమా?"

వారాల తరబడి రెండేసి మింగింది. గుండె దడదడలాడింది. రక్తపరీక్ష జరిగింది సరిగ్గా అప్పుడే. రిపోర్టు పట్టుకుని ప్రొద్దుటూరికి ఆయనొక్కడే పోయాడు. గొర్రెలు ఈనుతుంటే ఆమె దొడ్డి వదిలేదెట్లా? డాక్టరు కాగితంలో మందు ఎక్కువైనట్టు చూసి మోతాదు సగానికి కోసేశాడు. రెండేసి మింగిన సంగతి మొగుడు చెప్పలేదు, డాక్టరు అడగలేదు. అప్పటినుంచీ ఆమె ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది.

గొర్రె నెమరు వేయకపోతే ఇదే చంద్రమోహన్ పశువుల డాక్టరుకు అది ఏం తిన్నదీ, ఎట్లా నడిచిందీ, పెంటిక ఎట్లా వేసిందీ పూసగుచ్చినట్టు చెప్తాడు. పెళ్ళాం గురించి మాత్రం ఒక్క ముక్క.

"బాగుంది సార్." ఈరోజూ ఆసుపత్రిలో డాక్టరు ఎదుటి కుర్చీలో కూర్చుని అదే అన్నాడు. నాగవేణి వెనక నిలబడింది. "పొద్దున కూలబడింది పని ఎగ్గొట్టను సాకు సార్, అంతే."

"డోసు పెంచమని నర్సును అడిగారట?" డాక్టరు ఆమె వైపు తల ఎత్తలేదు. "అది మీరు తేల్చేది కాదమ్మా. రిపోర్టు చూసే తగ్గించాను."

"ఆ రిపోర్టు నేను రెండేసి మింగినప్పటిది సార్."

చంద్రమోహన్ కళ్ళెర్ర చేశాడు. "బయటికి నడువు మే. సారుకు పేషెంట్లుండారు."

"పేషెంటును నేను. నువ్వు లెయ్యి మామా ఆ కుర్చీలోనుంచి."

వాకిట్లో వరసలో ఉన్న ముసలామె కిసుక్కున నవ్వింది. చంద్రమోహన్ లేచాడు. నాగవేణి కూర్చుంది.

"ఈ మాట అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు డాక్టరు.

"యాడ చెప్పేది సార్? మీరు అడిగినా ఆయప్పనే అడుగుతారు. రెండేసి మింగమన్నది తానేనని ఆయప్ప చెప్తాడా?"

డాక్టరు విసుగ్గా పెన్ను తీశాడు. "సరే, పాత డోసే రాసిస్తాలే. పోండి."

ఆమె చీటీ మీద అరచెయ్యి పెట్టింది.

"నోరు మూపిచ్చేదానికి రాయొద్దు సార్. ముందు నన్ను చూడండి. ఈపొద్దే రక్తం తీయించండి. ఆ రిపోర్టు నా చేతికియ్యండి. నేను చెప్పేది మొత్తం విన్నాకనే డోసు రాయండి. ఇంకమీదట నా ఒంటి సంగతి నన్నే అడగాల."