పరగడుపున రమ్మంటే…

నేను ఒక స్కానింగు ప్రోబును. అదేనండీ, పొట్ట మీద చల్లటి జిగురు పూసి అటూ ఇటూ జరుపుతారే, ఆ పనిముట్టును. చలికి ఉలిక్కిపడి మీరు మనసులో తిట్టుకునేది నన్నే. మీ చెవులకు అందని గొంతుతో ఒంట్లోకి అరిచి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని తెర మీద బొమ్మగా చూపించడం నా వృత్తి. గోడలకు చెవులుంటాయని అంటారు గానీ, నాకైతే చెవీ నోరూ ఒక్కచోటే పెట్టారు.

సముద్రాలవతల ఏదో కర్మాగారంలో పుట్టాను. హైదరాబాదులో ఒక పెద్ద సెంటర్లో కొన్నేళ్లు ఊడిగం చేశాక, కొత్త మోడల్ రాగానే నన్ను కోనసీమలో ఒక చిన్న నర్సింగ్‌హోముకు అమ్మేశారు. మనుషులు కొత్తదాన్ని చూస్తే పాతదాని గుణం మర్చిపోతారు, అదేం కొత్త కాదు. అలా డాక్టర్ సుభాషిణి చేతికి వచ్చాను. ఆవిడ చేయి నెమ్మది. నాకు నచ్చింది.

ఆ ఊళ్లో స్కానింగంటే కడుపుతో ఉన్న ఆడవాళ్లకేనని గట్టి నమ్మకం. ఒక వానాకాలం డెంగీ విరుచుకుపడింది. జనం క్రికెట్ స్కోరు అడిగినట్టు ప్లేట్‌లెట్లు అడిగి తెలుసుకుంటున్నారు. అప్పుడు వచ్చాడు, కొబ్బరికాయలు దింపే ఏడుకొండలు. బల్ల ఎక్కమంటే ఒకటే సిగ్గు.

"నాకు స్కానింగేంటండి? నేనేవన్నా నీళ్లోసుకున్నానా?" అన్నాడు.

ఆ పొద్దున్నే అతనికి జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లూ మరీ పడిపోలేదు. ఇంకేం, వార్డులో ఉన్న మనిషి సంచీ సర్దేసుకున్నాడు. మధ్యాహ్నం ఎవరి తోటలోనో దింపు ఉందట. లోపల ఒకసారి చూసి పంపిస్తానంది డాక్టరమ్మ. పరగడుపున రావాలని నర్సు ముందే చెప్పింది. ఎందుకంటే డెంగీ ముదిరితే పిత్తాశయం, అదే గాల్‌బ్లాడరు, గోడ ఉబ్బి మందంగా కనిపిస్తుంది. తిండి తిన్నా అది ముడుచుకుని మందంగానే కనిపిస్తుంది. ఖాళీ కడుపైతేనే దాని మాట నమ్మాలి.

నన్ను పొట్ట మీద పెట్టారు. గోడ మందంగానే ఉంది.

"ఏమైనా తిన్నావా, ఏడుకొండలూ?"

"లేదండి. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదండి, ఆయ్."

డాక్టరమ్మ నన్ను కాస్త పక్కకు జరిపింది. జీర్ణకోశం పెళ్లిభోజనం చేసినంత నిండుగా ఉంది. మనుషులు నోటితో ఎన్నైనా అబద్ధాలాడతారు గానీ, పాపం, కడుపుతో ఆడలేరు.

"మరి ఇదంతా ఎవరు తిన్నారు?" అని అడిగింది ఆవిడ, తెర చూపిస్తూ.

తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగిడ్లీలు నేనే పెట్టానండి. ఖాళీ కడుపుతో మిషను కింద పడుకోబెడితే కళ్లు తిరగవాండి?"

పిత్తాశయం సాక్ష్యం అక్కడితో చెల్లకుండా పోయింది. రేపు పరగడుపున మళ్లీ చూద్దామంది డాక్టరమ్మ. "రేపు దాకా ఎందుకండి, జొరం లేదుగా" అంటూ ఏడుకొండలు లేవబోయాడు. నాకు గుండె ఝల్లుమంది. గుండె లేదనుకోండి, అయినా ఝల్లుమంది. కుడి పక్కటెముకల సందున ఒక్కసారి నన్ను పెట్టకుండా ఇతన్ని వదిలేస్తే ఎలా? తల్లీ, ఒక్కసారి అటు జరపవా అని నా గొంతుతో నేను అరిచాను. అది ఎవరికీ వినపడని గొంతని చెప్పాను కదా.

"ఉండు, ఇంకా అవలేదు" అని అతని భుజం నొక్కి, ఆవిడ నన్ను సరిగ్గా అక్కడే పెట్టింది. ఊపిరితిత్తి కింద సన్నటి నల్లటి చార. నీరు.

నూకరత్నం తెల్లబోయింది. "అయ్యబాబోయ్, నేను పట్టిన కొబ్బరినీళ్లేనాండి అవి?"

"కాదమ్మా, అవి మంచివే, పట్టు. ఇది రక్తనాళాల్లోంచి ఊరుతున్న నీరు, వానకు గోడ చెమ్మగిల్లినట్టు. జ్వరం దిగాకే ఈ జబ్బుతో అసలు భయం. ఇడ్లీ తింటే ఇక్కడ నీరు చేరదు. ఇతన్ని పంపను."

ఏడుకొండలు సణుక్కుంటూనే మళ్లీ వార్డుకు వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా చేతులు చల్లబడ్డాయి, నాడి సన్నగిల్లింది. సెలైను చూసి చూసి ఎక్కించి నిలబెట్టారు. ఆ వేళకు అతను కొబ్బరిచెట్టు మొవ్వులో ఉండాల్సినవాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే. తర్వాత రోజూ నన్ను అక్కడ పెట్టి చూశారు. ముందు చార వెడల్పయింది, తర్వాత తగ్గింది, చివరికి లేకుండా పోయింది. ఆ రోజు నిజంగానే పరగడుపున వచ్చాడు, పిత్తాశయం గోడ కూడా పల్చగా, బుద్ధిగా కనిపించింది.

ఏళ్లు గడిచాయి. నాకు గొంతునిచ్చే స్ఫటికాల్లో సగం చచ్చిపోయాయి. కొత్త ప్రోబు వచ్చింది, నన్ను కిటికీ పక్క అద్దాల బీరువాలో పెట్టారు. మనుషుల్ని లోపలినుంచే చూసినదాన్ని, ఇప్పుడు బయటినుంచి చూస్తున్నాను. ఏం చెప్పను, ఏమీ తెలియడం లేదు.

నిన్న ఆసుపత్రి పెరట్లో కాయలు దింపడానికి ఏడుకొండలు వచ్చాడు. సగం చెట్టు ఎక్కాడో లేదో, కిందినుంచి నూకరత్నం కేకేసింది.

"ఏవయ్యో, ఏవన్నా తిన్నావా?"

"తిన్నానే, నాలుగిడ్లీలు!"

నిజమో కాదో చూసే పని ఇక నాది కాదు. మొదటిసారి ఒక మనిషి నోటిమాట నమ్మాను. హాయిగా ఉంది.