ఎనభై నాలుగో గడి

నేను ఒక బడి మ్యాపును. వెనక గుడ్డ అంటించి, పైనా కిందా నల్లకర్రలు బిగించి, పాఠం ఉన్నప్పుడు విప్పి, గంట కొట్టగానే చుట్టి మూలన నిలబెట్టే రకం. నన్ను అచ్చువేసిన రోజున నా మీద ఇరవై మూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్ ఉండేది. ఆ రోజున నేను నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ తరవాత నాలో ఒక్క గీత కూడా మారలేదు. మారింది మనుషులు.

సామర్లకోట దగ్గర ఒక హైస్కూల్లో వకుళ టీచరు నన్ను గోడకు తగిలించి సాంఘికశాస్త్రం చెప్పేవారు. రాష్ట్రం రెండయిన ఏడాది కొత్త మ్యాపులు వెంటనే రాలేదు. పిల్లలకు తప్పు చూపించడం ఆమెకు ఇష్టం లేదు. దిద్దుబాటుకు వాడే ఎర్ర పెన్నుతో నా మీద కొత్త సరిహద్దు గీశారు. నాకు బాధ వెయ్యలేదు. తప్పును తప్పుగా ఉండనివ్వకపోవడం ఆమె వృత్తి.

కొత్త మ్యాపులు వచ్చాక నన్ను పాత కాగితాల కట్టలో పడేశారు. అక్కణ్ణుంచి నన్ను బయటికి లాగిందీ ఆమే.

"పాత మ్యాపుతో ఏం చేసుకుంటారమ్మా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"మా ఆయన అడిగారండి. వెనకవైపు గుడ్డ బాగుందట."

ఆమె భర్త పద్మాకరం గారు రైల్వే మెయిల్‌లో పనిచేసి రిటైరయ్యారు. కదులుతున్న రైలు పెట్టెలో నిలబడి, ఊళ్ళవారీగా ఉత్తరాలను అరల్లోకి విసిరే ఉద్యోగం. ముఖాలు తెలియని మనుషులతో ఆయనకు అప్పుడే స్నేహం కుదిరింది. పోస్టుకార్డుల మీద చదరంగం ఆడేవారు. కార్డుకు ఒక ఎత్తు. ఒక ఆట మూడేళ్ళు సాగిందట. తరవాత కార్డులు రాసేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన కంప్యూటరు నేర్చుకుని, అదే రకం మనుషులను ఇంటర్నెట్లో వెతికి పట్టుకున్నారు. వాళ్ళ గుంపు పేరు ఏడుకోటలు. ఆడేవాళ్ళు ఏడుగురు, చూసేవాళ్ళు నలభై మంది.

నన్ను తిరగేసి అట్టకు బిగించి, నా వీపు మీద ఆయన ఒక ద్వీపం గీశారు. దానికి మైనాకం అని పేరు పెట్టారు. నూటపన్నెండు గడులు, ఏడు కోటలు. టీచరు గారి తెగిపోయిన పూసలదండలోంచి రంగుకొక పూస ఏరి, గుండుసూదుల తలలకు అంటించారు. అవే సేనలు.

"ఇంత వయసొచ్చి ఈ రాజ్యాలేమిటండీ?" అన్నారు టీచరు.

"నీ వైపున్న రాజ్యమేమో పాఠం, నా వైపున్నది పిల్లలాటానా?" అన్నారాయన.

ఆట ఇలా సాగుతుంది. పదిహేను రోజులకు ఒక విడత. ఆ రోజుల్లో ఆటగాళ్ళు ఒకరికొకరు మెయిళ్ళు రాసుకోవచ్చు, ఫోన్లు చేసుకోవచ్చు, మాట ఇవ్వవచ్చు, ఆ మాట తప్పవచ్చు. చివరికి ఆదివారం సాయంత్రం ఆరులోగా ఎవరి ఆజ్ఞలు వాళ్ళు నిర్వాహకుడికి రహస్యంగా పంపాలి. ఏ సేన ఏ గడి నుంచి ఏ గడికి అన్నదే ఆజ్ఞ. పాచికలు లేవు, అదృష్టం లేదు. ఆరు కొట్టాక ఆయన అన్నీ ఒకేసారి తెరిచి, నా వీపు మీద సూదులు మార్చి, ఫొటో తీసి, ఎవరేం రాశారో జాబితాతో సహా అందరికీ పంపేవారు. సూది తీసిన చోటల్లా నాకొక చిల్లు మిగిలేది.

ఇంకొక ఆచారం ఉంది. ఆట మొదలయ్యే ముందు నిర్వాహకుడు ఎవరు గెలుస్తారో కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, నా మూలకు గుచ్చాలి. ఆట ముగిసిన రోజున అందరి ముందూ తెరవాలి. ఆట మధ్యలో ఆగిపోతే మటుకు కవరు తెరవకుండానే చింపెయ్యాలి. మొదటి రెండు ఆటల్లోనూ పద్మాకరం గారి జోస్యం తప్పింది. ఆ గుంపులో అందరూ నమ్మకంగా ఎదురుచూసే విషయం అదొక్కటే.

మూడో ఆట పదిహేడో విడత అయ్యాక, ఒక బుధవారం ఉదయం, పద్మాకరం గారు కుర్చీలోంచి లేవలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పను. టీచరు కూడా ఎవరికీ ఇంతకంటే చెప్పలేదు.

పన్నెండు రోజులు గడిచాక ఆమె కంప్యూటరు తెరిచారు. ఏడు మెయిళ్ళలో ఏడుగురి ఆజ్ఞలు, వాటి మీద "మ్యాపు ఇంకా రాలేదేంటండీ" అని విసుగులు. ఉన్న సంగతి రెండు వాక్యాల్లో రాసి పంపారు. అది ఆయన చిరునామా నుంచే వెళ్తుందని ఆమెకు తోచలేదు. విశాఖపట్నం పోర్టులో పనిచేసి రిటైరయిన భూషణం గారు వెంటనే ఫోన్ చేశారు.

"అదేటమ్మా, ఆయన పోయారని ఆయన పేరుతోనే మెయిలొచ్చిందండి. గుండాగినంత పనైపోయింది."

"క్షమించండి. కొత్త చిరునామా పెట్టుకుంటాను."

"చిరునామా సంగతి కాదమ్మా. ఈ ఆట ఇక్కడితో ఆపేద్దారని అందరం అనుకున్నాం. మీరు ఇబ్బంది పడకండి."

ఫోన్ పెట్టేసి ఆమె నా ముందుకు వచ్చారు. మూలనున్న కవరు వైపు చూశారు. దాన్ని ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఆయన రాసినవాటిలో ఆమె చదవనిది అదొక్కటే మిగిలింది. ఆట ఆగితే దాన్ని చింపాలి. చాటుగా తెరిచినా అడిగేవాళ్ళు లేరు. కాని పరీక్ష కాగితాల కట్టను గంటకు ముందు ఏనాడూ విప్పని మనిషి ఆమె.

ఆ సాయంత్రం కొత్త చిరునామా నుంచి గుంపుకు మెయిలు వెళ్ళింది. "ఆట ఆగదు. నియమాలు నేర్చుకోవడానికి నాకు పదిహేను రోజులు ఇవ్వండి. వకుళ."

నియమాలు ఆయన ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టారు. ఆమె వాటిని పాఠం తయారుచేసుకున్నట్టు చదివారు, ముఖ్యమైనవాటి కింద గీతలు గీశారు. తొమ్మిదో నియమం రెండే మాటలు: "రాసినదే ఆజ్ఞ." దాని కిందా గీత గీశారు. గీత గీసినంత మాత్రాన అర్థమైనట్టు కాదని ఆమె ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చారు.

పద్దెనిమిదో విడత పొల్లుపోకుండా జరిగింది. పంతొమ్మిదో విడతలో ఇబ్బంది వచ్చింది.

మస్తాన్‌వలిది నెల్లూరు. కళ్ళజోళ్ళ దుకాణం. అతని సేన నలభై ఏడో గడిలో ఉంది. పక్కనే నలభై ఎనిమిదిలో భూషణం గారి నీటికోట. ఆ ఆదివారం మస్తాన్‌వలి పంపిన ఆజ్ఞ: నలభై ఏడులోని సేన ఎనభై నాలుగుకు. ఎనభై నాలుగు ద్వీపానికి ఆ చివరన ఉంది. ఒక్క విడతలో అంత దూరం ఏ సేనా వెళ్ళడానికి లేదు. టీచరు కళ్ళజోడు సర్దుకున్నారు. తొందరలో అంకెలు తారుమారు చేశాడు పాపం, అనుకున్నారు. అలాంటి తొందరపాట్లు ఆమె ఎన్ని వేలు చూసి ఉంటారు! అచ్చుతీసిన కాగితం మీద ఎర్ర పెన్నుతో 84 కొట్టేసి 48 వేశారు. పచ్చపూస సూది తీసి నీటికోటలో గుచ్చారు. కోటలో ఎవరూ లేరు. సేన నడుచుకుంటూ వెళ్ళి కూర్చుంది. జాబితాలో కూడా 48 అనే టైపు చేసి అందరికీ పంపారు.

మర్నాడు ఆమె బడి నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. స్పీకరులో పెట్టి కాఫీ కలుపుకోవడం ఆమె అలవాటు. అంతా నేనూ విన్నాను.

"టీచరమ్మా, నేను మస్తాన్‌ని. నేను రాసింది ఎనభై నాలుగు గదమ్మా?"

"అవునండీ. పొరపాటు పడ్డారని నేనే నలభై ఎనిమిది చేశాను."

అవతల మస్తాన్‌వలి గొంతు తగ్గించాడు.

"పొరపాటు గాదమ్మా. తెలిసే రాసినా."

అప్పుడు కథంతా చెప్పాడు. హుజూరాబాద్‌లో నర్సుగా పనిచేసే సమ్మక్క కూడా ఆటలో ఉంది. భూషణం గారు ఆమె రాగికోట మీదికి దండెత్తుతున్నారు. సొంత కోట పోయిన సేన ఆ విడతలో ఇంకో కోటను పట్టకూడదన్నది నియమం. అందుకే నీటికోట మీద పడి నిన్ను కాపాడతానని మస్తాన్‌వలి సమ్మక్కకు మాట ఇచ్చాడు. నేను కదలను, నీ కోట వదిలి నిశ్చింతగా వెళ్ళమని భూషణం గారికీ మాట ఇచ్చాడు. ఇద్దరితోనూ చెడకుండా ఉండటానికి జరగని ఆజ్ఞ రాశాడు. నియమం ప్రకారం అలాంటి ఆజ్ఞ వస్తే సేన ఉన్నచోటే ఉండిపోతుంది. తరవాత సమ్మక్కతో, అయ్యో, అంకెలు తిరగబడ్డాయి అనవచ్చు. ఈ ఆటలో పాతకాపులు చేసే పనే ఇది. తప్పును అంత జాగ్రత్తగా రాసే మనుషులుంటారని టీచరుకు తెలియదు.

"ఇప్పుడు సమ్మక్కేమో నన్ను దేవుడంటా ఉంది, భూషణం సారేమో దొంగంటా ఉండాడు. ఆ రెండూ నేను గాదమ్మా!"

టీచరు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "నేను అందరికీ చెప్పేస్తాను."

"అయ్యో, వొద్దమ్మా! చెప్తే సమ్మక్క ముందర నా మొహం యాడ బెట్టుకోవాల? భూషణం సారు అలిగి పోతాడు. ఆటే ఆగిపోద్ది. కోట నాకొచ్చె, ఆ యమ్మ కోట నిలబడె. నువ్వు దిద్దింది మంచికే అయింది, వదిలెయ్యి."

"భూషణం గారికి మంచి కాలేదు కదండీ," అన్నారు టీచరు.

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు నా ఎదురుగా నిలబడ్డారు. మస్తాన్‌వలి అన్నదాంట్లో అబద్ధం లేదు. నిజం చెబితే ఆట నిలిచే నమ్మకం లేదు. ఆట నిలవకపోతే కవరు చింపాలి. ఆమె కళ్ళు ఆ మూలకు వెళ్ళి, నలభై ఎనిమిదో గడికి వచ్చి, మళ్ళీ ఆ మూలకే వెళ్ళాయి. నాకు నోరుంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. తప్పును మోస్తూ గోడకు వేలాడటం ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలిగేవాణ్ణి.

ఆమె పచ్చపూస సూది పీకి నలభై ఏడులో గుచ్చారు. భూషణం గారి సూదిని రాగికోటలోకి జరిపారు. తప్పుడు చిల్లు నలభై ఎనిమిదిలో అలాగే ఉండిపోయింది. తరవాత కూర్చుని రాశారు.

"పంతొమ్మిదో విడతలో ఒక ఆజ్ఞను నేను దిద్దాను. దిద్దే హక్కు నాకు లేదు. వచ్చిన ఆజ్ఞ నలభై ఏడు నుంచి ఎనభై నాలుగుకు. దాని ప్రకారం ఫలితం మళ్ళీ వేసి పంపుతున్నాను. తప్పు నాది. ఇరవయ్యో విడత గడువు ఆదివారం ఆరు గంటలకు ఆజ్ఞలు తెరుస్తాను. ఇకమీదట రాసినవి రాసినట్టే."

మస్తాన్‌వలి ఎందుకు అలా రాశాడో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. అరగంటలో సమ్మక్క గొంతు సందేశంగా వచ్చింది.

"మేడం, నాకున్నయే రెండు కోటలు. మీరు నిజం జెప్పిండ్రు, ఒకటి పాయె. మీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ కళ్ళజోళ్ళాయన మీద ఉన్నది. నేను ఆడాల్నా వద్దా ఇంకా అనుకోలే."

భూషణం గారు కూడా అలిగారు. "మస్తాన్‌ని ఒక రోజల్లా నోటికొచ్చినట్టు తిట్టానమ్మా. ఇప్పుడా తిట్లన్నీ ఏటి చేసుకోవాలి?" అన్నారు. నిర్వహణ ఇంకెవరికైనా అప్పగించమని చూసేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు రాశారు. టీచరు ఎవరికీ వాదన రాయలేదు. "ఆదివారం, ఆరు గంటలు" అని మాత్రం అందరికీ జవాబిచ్చారు.

ఆదివారం ఐదు గంటలకు ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నారు. భూషణం గారి ఆజ్ఞ పొద్దున్నే వచ్చేసింది. ఐదున్నరకల్లా మొత్తం అయిదు వచ్చాయి. ఐదూ నలభైకి మస్తాన్‌వలిది, ఆరోది. ఒక్కరు ఆజ్ఞ పంపకపోయినా ఆ కోట దిక్కులేనిదవుతుంది, ఆట కుంటుతుంది. ఐదూ యాభైకి ఆమె లేచి నా ముందు నిలబడి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఐదూ యాభై ఎనిమిదికి సమ్మక్క మెయిలు వచ్చింది. ఆజ్ఞల కింద రెండు వాక్యాలు: "డ్యూటీల ఉండి లేటయింది. ఆటకెంచి పోయేదాన్ని కాదు నేను."

ఆరు కొట్టాక టీచరు అన్నీ తెరిచారు. ఎర్ర పెన్ను బల్ల మీద లేదు. సొరుగులో పెట్టి వచ్చారు.

అక్కణ్ణుంచి పన్నెండు విడతలు, ఆరు నెలలు. జ్వరం వచ్చిన వారం కూడా ఆమె ఆరు గంటలకు సూదులు మార్చారు. జరగని ఆజ్ఞలు ఇంకా నాలుగు వచ్చాయి. వాటిలో ఏవి కపటమో, ఏవి నిజంగా తొందరపాటో ఆమె అడగలేదు. ముప్పై ఒకటో విడతలో సమ్మక్క నాలుగో కోట పట్టింది. నాలుగు కోటలు ఎవరివైతే ఆట వాళ్ళది. మస్తాన్‌వలికి ఏడుగురిలో ఐదో స్థానం దక్కింది.

వారం తరవాత ఆదివారం, అదే వేళకు, అందరూ వీడియోలో కలిశారు. టీచరు కవరు మూలలోంచి తీసి, అంచు వెంబడి కత్తెరతో కత్తిరించారు. కాగితం విప్పి ముందు తనలో తాను చదువుకున్నారు. ఎవరూ తొందర పెట్టలేదు. తరవాత, తరగతిలో పాఠం చదివినట్టు, పైకి చదివారు.

"ఈసారి మస్తాన్‌వలి గెలుస్తాడు. అబద్ధం చెప్పడం ఇంకా సరిగా రాదు. ముప్పై విడతల్లో నేర్చుకుంటాడు."

ముందుగా నవ్వింది సమ్మక్క. "ఇగ మూడుకు మూడు తప్పేనా సారూ!" అంది, ఆయన ఎదురుగా ఉన్నట్టే. మస్తాన్‌వలి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పోయినాయన గూడా నన్ను వదల్లేదు గదమ్మా," అన్నాడు.

"ఎప్పుడూ ఇంతేనండీ," అన్నారు టీచరు. "మార్కెట్టుకు వెళ్తే వర్షం రాదని చెప్పేది కూడా ఈయనే." ఆయన పోయాక ఆమె నవ్వు నేను విన్నది అప్పుడే.

అందరూ వెళ్ళిపోయాక ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచారు. సొరుగు లాగి ఎర్ర పెన్ను తీశారు. మూత తీశారు. మస్తాన్‌వలి అన్న పేరు మీదికి పెన్ను మొన వచ్చి ఆగింది. దాన్ని కొట్టేసి సమ్మక్క అని రాస్తే జవాబు సరవుతుంది. కాసేపు అలాగే పట్టుకుని, మూత పెట్టేసి, పెన్ను సొరుగులో వేశారు.

కాగితం తెచ్చి నా వీపు మీద ఎనభై నాలుగో గడిలో, పచ్చపూస సూదితోనే గుచ్చారు. ఏ సేనా చేరుకోని ఆ గడిలో మొదటి చిల్లు అదే. తరవాత కూర్చుని గుంపుకు మెయిలు రాశారు. నాలుగో ఆట ఏ ఆదివారం మొదలవుతుందో తేదీ, దాని కింద ఆమె పేరు, అంతే. ఒక చిన్న కాగితం మీద ఇంకేదో రాసి, కవరులో పెట్టి అంటించి, ఖాళీ అయిన నా మూలకు గుచ్చారు.

ఆట అయిపోయాక మ్యాపును అట్ట మీంచి తీసి చుట్టి పెట్టడం రివాజు. ఆమె నన్ను చుట్టలేదు.