వంటింటి అల్మారాకు తాళం

గొడవ పంచదార డబ్బా మూత దగ్గర మొదలైంది. ఎవరో మూత వదులుగా పెట్టారని, లోపలికి చీమలు దూరాయని కూతురు కనిపెట్టింది.

"నిన్న సాయంత్రం డబ్బా తీసింది మీరే నాన్నా."

"నేనా? తాళంచెవి నీ సంచిలో, మూత తప్పు నా నెత్తిన. బావుందమ్మా న్యాయం."

"టీ పెట్టుకుంటానని తీయించుకోలేదూ?"

"తీయించుకున్నాను. పోలీసులా నువ్వు పక్కనే నిలబడ్డావు కూడా. ఆమాత్రం మూత నువ్వే పెట్టి ఉండొచ్చుగా."

"నేను ఫోన్ వచ్చిందని అవతలికెళ్ళాను."

"అయితే చీమలే మూత తీసుకుని ఉంటాయి. చదువుకున్న చీమలు."

పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలు వెనక్కి తిరగలేదు. టీ మరిగి మరిగి నల్లబడుతోంది. నిన్న కూతురు ఫోన్ పట్టుకుని అవతలికి వెళ్ళిన ఆ రెండు నిమిషాల్లో, భర్త కప్పు పట్టుకుని వాకిట్లోకి నడిచిన ఆ రెండు నిమిషాల్లో, రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకుని మూత ఎలా పడితే అలా పెట్టింది తనే. నలభై నాలుగేళ్ళ మనిషి. తన వంటింట్లో, తన పంచదార.

"అమ్మా, నువ్వేమైనా తీశావా?" అని కూతురు మెల్లగా అడిగింది. గట్టిగా అడిగి ఉంటే బావుండేది.

"చీమల్ని జల్లెడ పట్టి తీసేస్తాలే. నీకు బస్సు టైమవుతోంది" అంది తల్లి. గొడవ అక్కడితో ఆగింది. ఆగిందే కానీ తీరలేదు.

అల్మారాకు తాళం పడి మూడు వారాలైంది. ఆ పిల్ల చెడు తలపుతో వేసింది కాదు. తల్లి నూట ఎనిమిది కిలోలుందని ఆస్పత్రిలో చెప్పిన రోజున ఏడ్చింది. ఆ రాత్రే అమ్మమ్మకు ఫోన్ చేస్తే, "అల్మారాకు తాళం వెయ్యవే, అదే దారికొస్తుంది" అని అమ్మమ్మ సలహా ఇచ్చింది. అమ్మమ్మంటే తల్లిని కన్న మనిషి కాదు. ఎనిమిదో ఏట కన్నతల్లి పోతే ఈ ఇల్లాలిని తీసుకెళ్ళి పెంచిన పిన్ని. కూతురు మర్నాడే చిన్న ఇత్తడి తాళం కొనుక్కొచ్చింది. "నీ మంచికేనమ్మా" అంది. తల్లి తల ఊపింది. ఆ తాళం మొదటిసారి పడినప్పుడు వచ్చిన చప్పుడుకు అరచేతులు ఎందుకు చెమటపట్టాయో ఎవరికీ చెప్పలేదు.

తల్లి పనిచేసేది యూనిఫారాలు కుట్టే షాపులో. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళుగా గుడ్డ కోసే బల్ల ఆమెదే కాబట్టి కత్తెరమ్మ అంటారు. ఒకప్పుడు సుద్దతో గీత గీయకుండానే కోసేది. రెండేళ్ళుగా సంగతి వేరు. కొలత విని బల్ల దాకా నడిచేలోపు అది జారిపోతోంది. చీటీలు రాసుకుని జాకెట్టులో దోపుకుంటోంది, చీటీ ఏ వైపు దోపిందో మరిచిపోతోంది. ఈ మూడు వారాల్లో అది మరీ ముదిరింది.

ఆ ఉదయం ఒక ఆస్పత్రి సిబ్బందికి కోట్లు. ఇరవై నాలుగు వరసలు తెల్ల గుడ్డ బల్ల మీద పరిచి ఉంది, నున్నటి వైపంతా పైకి పెట్టి. అలా పరిచినప్పుడు చేతి అట్టను, అంటే కోటు చెయ్యి ఆకారంలో కత్తిరించిన అట్టను, ఒకసారి మామూలుగా పెట్టి గీయాలి, రెండోసారి తిరగేసి గీయాలి. ఒకటి ఎడమ చెయ్యి, ఒకటి కుడి చెయ్యి. పని నేర్చుకున్న మొదటి వారంలో చెప్పే పాఠం. కత్తెరమ్మ అట్ట పెట్టింది, గీసింది, అట్ట ఎత్తింది. అప్పుడే గోడ గడియారం పదకొండు కొట్టింది. అల్మారాలో పై అరలో రొట్టె ముక్కలు ఎన్ని మిగిలి ఉంటాయి, నాలుగా, ఐదా? కాలేజీ నుంచి పిల్ల ఐదింటికే వస్తుందా, ఆలస్యమవుతుందా? ఆకలి వేసి కాదు. పొద్దున కడుపునిండా తినే వచ్చింది. అయినా మనసు వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడింది. అట్ట మళ్ళీ పెట్టింది. తిరగేయలేదు. గీతల వెంట కోత మిషన్ నడిపింది.

మధ్యాహ్నం కోట్లకు చేతులు అతికించే ఆమె ఒక కోటు పట్టుకుని వచ్చింది. "అక్కా, ఈ చెయ్యి ఎంత తిప్పినా కూర్చోవట్లేదు. నాకు కళ్ళు పోయాయా, దీనికి బుద్ధి పోయిందా?"

కత్తెరమ్మ చూసింది. కట్టలోంచి ఇంకో చెయ్యి తీసింది. ఇంకోటి. అన్నీ ఎడమ చేతులే.

షాపు యజమానిని అందరూ మాస్టరంటారు. ఆయన వచ్చి కాసేపు నిలబడి చూశాడు. "ఆస్పత్రివాళ్ళకు కుడి చేతులు కూడా ఉన్నట్టు గుర్తు కత్తెరమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా. అందరూ మిషన్ల మీదికి వంగాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈ నెలలో ఇది మూడోసారి. పది రోజులు చూద్దాం. కాదంటే బొత్తాల దగ్గర కూర్చుందువు గాని. తప్పుగా అనుకోకు."

బొత్తాల బల్ల కిటికీ పక్కన ఉంటుంది. చూపు మందగించినవాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు అక్కడికి చేరతారు. అక్కణ్ణించి మళ్ళీ ఇటు వచ్చినవాళ్ళను ఆమె చూడలేదు. ఆ సాయంత్రం చేతి అట్టకు ఒక వైపు ఎడమ అని, రెండో వైపు కుడి అని పెద్ద అక్షరాలతో రాసింది. రాస్తుంటే ఒకటో తరగతి పిల్లలా అనిపించింది.

గురువారం ఆస్పత్రికి పిలిచారు. భర్త స్కూలు వ్యాన్ నడుపుతాడు. పిల్లల్ని దింపేసిన ఖాళీ వ్యాన్‌లోనే తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గల మనిషి. బరువు చూశాక, మతిమరుపు సంగతి విని, ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపు కబుర్లు చెప్పి మళ్ళీ అడిగితే కత్తెరమ్మకు నిమ్మకాయ, గొడుగు మాత్రమే మిగిలాయి. అంకెలు వెనక నుంచి చెప్పమంటే నాలుగో అంకె దగ్గరే చిక్కుపడింది.

ఆ తరవాత ఒక కాగితం తీసి చిన్నప్పటి సంగతులు అడిగింది. "ఇంట్లో తిండి ఉండి కూడా మీకు పెట్టకుండా ఉంచిన రోజులున్నాయా అండి?"

భర్త పక్క కుర్చీలోనే ఉన్నాడు, వ్యాన్ తాళాలు వేలికి తిప్పుకుంటూ.

"లేదండి."

"పెద్దవాళ్ళెవరైనా తరచూ భయపెట్టడం, కొట్టడం?"

"లేదండి."

పది ప్రశ్నలకూ అదే జవాబు. డాక్టరమ్మ కలం మూసింది. "ఊరికే అడగడం లేదు. చిన్నతనంలో బాగా నలిగినవాళ్ళలో కొందరికి, పెద్దయ్యాక బరువుతో పాటు ధ్యాస, జ్ఞాపకం కూడా ఇబ్బంది పెట్టడం చూస్తున్నాం. అందరికీ కాదు. తెలిస్తే వైద్యం ఎక్కణ్ణించి మొదలెట్టాలో మాకూ తెలుస్తుంది. ఏదైనా గుర్తొస్తే ఎప్పుడైనా రండి. ఒంటరిగానైనా రావచ్చు."

తిరిగి వస్తుంటే భర్త అన్నాడు, "అదేం ప్రశ్నలే బాబూ. మీ పిన్ని లేకపోతే నీ గతేమయ్యేది? ఆవిడ నిన్ను కన్నబిడ్డలా చూసుకోలేదూ."

"ఊఁ" అంది ఆమె. వ్యాన్‌లో సీట్లన్నీ పిల్లల సైజువి. రెండు సీట్ల మధ్య ఒరిగి కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంది.

పిన్ని ఇంట్లో అల్మారా రేకుది, ఆకుపచ్చది. తాళంచెవి పిన్ని నడుముకు ఉండేది. నడుస్తుంటే అది గలగలమనేది. ఆ చప్పుడును బట్టి పిన్ని ఎంత దూరంలో ఉందో, ఏ మూడ్‌లో ఉందో చెప్పగలిగేది తను. పిన్ని పిల్లలిద్దరూ తిన్నాక మిగిలితే తనకు. గ్లాసు పగిలితే, అన్నం అడుగంటితే, ఒక్కోసారి ఏమీ పగలకపోయినా, మర్నాటి సాయంత్రం దాకా తనకోసం ఆ తలుపు తెరుచుకునేది కాదు. బళ్ళో పంతులమ్మ ఎక్కం అడిగితే తను లేచి నిలబడేది, నోరు పెగిలేది కాదు. ఏడెనిమిదులు ఎంతో తెలియక కాదు. ఆ వేళకు మనసు ఆకుపచ్చ రేకు ముందు కాపలా కాస్తుండేది. "ఈ పిల్ల మొద్దు" అన్నారు. ఆ మాట తనకూ నిజమే అనిపించింది. పదమూడో ఏట టైలరు దగ్గర పనికి చేరి, చేతిలో మొదటిసారి సొంత తిండి పడినప్పుడు నిలబడి, గోడకు వీపు ఆనించి, గబగబా తింది. ఇప్పటికీ అలాగే తింటుంది. వడ్డించే హడావిడి అనుకుంటారు ఇంట్లో.

ఆదివారం పిన్ని భోజనానికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర, సంచిలో మనవరాలికి పళ్ళు. అందరూ కూర్చున్నారు. కత్తెరమ్మ మామూలుగా గోడ దగ్గర నిలబడి వడ్డిస్తోంది. అప్పడాలు తెస్తానని కూతురు లేచి తాళం తీసింది. ఆ చప్పుడుకు కత్తెరమ్మ చేతిలో గరిటె ఆగింది.

పిన్ని నవ్వింది. "ఇన్నాళ్ళకు నా మాట పనికొచ్చింది. చిన్నప్పుడు ఇది చీపురుపుల్లలా ఉండేదే. ఎందుకనుకున్నావు? నేను తాళం వేసేదాన్ని కాబట్టి."

కూతురు అప్పడాల డబ్బాతో అక్కడే నిలబడిపోయింది. "తాళం ఎవరికి వేసేదానివి అమ్మమ్మా?"

"ఇంకెవరికి, మీ అమ్మకే."

"మామయ్యలకో?"

"వాళ్ళెందుకు దొంగతనం చేస్తారు? వాళ్ళ ఇల్లు అది." పిన్ని ముద్ద కలుపుకుంటూ మామూలుగానే చెప్పింది. "ఏడుగురం తినే ఇంట్లో ఎవరో ఒకరు ఆగాలిగా. ఏమే పిల్లా, అబద్ధమా?"

"అబద్ధం కాదు పిన్నీ" అంది కత్తెరమ్మ.

భర్త తినడం ఆపి ఆమె వైపు చూశాడు. గురువారం నాటి పది లేదండీలూ ఒకటొకటిగా గుర్తొస్తున్నట్టుంది ఆ మొహం. కూతురు అల్మారా వైపు, తన చేతిలో ఉన్న తాళం వైపు చూసింది.

కత్తెరమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. ఒక కుర్చీ లాక్కుంది. కర్ర కుర్చీ కిర్రుమంది. అందరి ఎదుటా కూర్చుని తన కంచం దగ్గరికి జరుపుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేనట్టుంది ఆమె గొంతు.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో తిండికి తాళం ఉండదు. తీసేస్తే తగ్గుతానో, ఇంకా పెరుగుతానో నాకు తెలియదు. నా మతి బాగుపడుతుందో లేదో కూడా తెలియదు. రేపు సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్తాను, ఆ కాగితం మళ్ళీ నింపాలి. అందులో రాసినవన్నీ తప్పులే. ఎల్లుండి మాస్టరుకు చెబుతాను, బొత్తాల దగ్గర కూర్చోనని. అట్ట మీద రాసుకుని కోస్తాను, ఒకటికి రెండుసార్లు చూసి కోస్తాను, నా బల్ల మాత్రం వదలను."

పిన్ని ముద్ద చేతిలోనే ఉంది.

"ఆ కూర ఇటు జరుపు తల్లీ" అంది కత్తెరమ్మ కూతురితో. "ఇవాళ కూర్చుని తింటాను."